అడుసు తొక్కనేల?

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారుటే పెద్దలు? శుభ్రంగా ఒక జత గాజులు చేయించక, ఆడపిల్లకి ఆ దున్నపోతులాంటి బండి కొనిపెడతావా?" అంది మా పిన్ని, నేనిచ్చిన కాఫీ తాగుతూనే.

ఈ మాట ఒక్క పిన్నిదే అయితే కాగితం మీద పెట్టేదాన్ని కాదు. పెద్దవాళ్ళు నాలుగు మాటలంటారు, పడతాం. కానీ ఆరు నెలలుగా మా అమ్మ, మా అత్తగారు, పక్కవాటా ఆవిడ, ఆఫీసులో నా పక్క సీటావిడ, అందరూ ఇదే పాట. గమనించారా, అందరూ ఆడవాళ్ళే! మగవాళ్ళు ఒకరిద్దరు నవ్వి ఊరుకున్నారు. గట్టిగా అడ్డం పడ్డది మాత్రం మనమే. అందుకే ఈ పేచీ మనలో మనకే, మనింటి వరండాలోనే పెట్టుకుంటున్నాను.

ఇంతకీ నేను చేసిన నేరం ఏమిటంటే, మా చెల్లెలికి గాజులు చేయిద్దామని దాచిన డబ్బుతో ఒక పాత మోటారు సైకిలు కొన్నాను. అదీ మామూలుది కాదు. బురదలోనూ, గట్ల మీదా తిరగడానికని చేసిన పొడుగు కాళ్ళ బండి. రెండేళ్ళుగా ఒక పశువుల పాకలో మూలపడి ఉన్నదాన్ని తెచ్చి, బాగుచేయించి, దాని చేతికిచ్చాను.

మా నాన్నకి రాజ్‌దూత్ ఉండేది. ఆ రోజుల్లో పల్లెటూళ్ళలో పాలవాళ్ళ దగ్గర్నుంచి కాంట్రాక్టర్ల దాకా తెగ వాడిన బండి. అందచందాలేం లేవు, కానీ మొండిది. ఆదివారం పూట దాన్ని తుడవడం నా వంతు. తుడిచాక ముందు టాంకు మీద కూర్చుని వీధి చివరిదాకా వెళ్ళిరావడం తమ్ముడి వంతు. ఇదేమిటని నేనూ అడగలేదు, వాళ్ళకీ తోచలేదు. 2005లో తమ్ముడు ఇంజనీరింగులో చేరితే అప్పుచేసి యాభై వేలు పోసి కొత్త బండి కొన్నారు. కాలేజీ బస్సు మా వీధి మలుపులోనే ఆగేది. అయినా "అవసరమా?" అని ఒక్కరూ అడగలేదు. మగపిల్లాడికి బండి అవసరం కాదు, ముచ్చట. ఆడపిల్ల ముచ్చట పడకూడదు సరే, అవసరమని మొత్తుకున్నా సాక్ష్యం తెమ్మంటాం.

నాకిప్పుడు నలభై రెండేళ్ళు. ఈనాటికీ బస్సు తప్పితే ఎవరో ఒకరు దింపాలి. దింపేవాళ్ళు స్నానం చేసి, పేపరు చదివి, చెప్పుల కోసం వెతుక్కుని బయల్దేరేదాకా గుమ్మంలో హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడాలి. అలా నిలబడి నిలబడి గడిపిన గంటలన్నీ కలిపితే నా జీవితంలో ఎన్నేళ్ళవుతాయో లెక్కవెయ్యాలంటేనే భయం.

మా చెల్లెలు నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. పశుసంవర్ధక శాఖలో గ్రామస్థాయి సహాయకురాలు. నరసరావుపేటలో అమ్మ దగ్గరుండి, రోజూ పల్లెలకి వెళ్ళొస్తుంది. గేదెలకి గాలికుంటు టీకాలు, ఎదసూదులు, దూడలకి నట్టల మందులు, ఇదీ దాని కొలువు. టీకా మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఐసు పెట్టెలో సర్దుకుని, ఐసు కరిగేలోగా ఊరు చేరి, దొడ్డిదొడ్డికీ తిరగాలి.

పల్నాటి నల్లరేగడి సంగతి తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు. వానాకాలంలో అట్లపిండి కాదు, జిగురు. కాలు పెడితే చెప్పు వదలదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో దానికి స్కూటీ కొనిచ్చాం. కొనిచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను, బుకాయించను. "తేలిగ్గా ఉంటుంది, ఆడపిల్లకి బాగుంటుంది" అన్నాను. తారు రోడ్డు మీద బాగానే ఉంది. రోడ్డు దిగి డొంకదారి పట్టేసరికి ఆ చిన్న చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి, చక్రం తిరగడం మానేసేది. అది డిక్కీలో ఒక చీకుపుల్ల పెట్టుకుని, వంద గజాలకోసారి దిగి మట్టి పొడుచుకునేది.

నిరుడు శ్రావణమాసంలో ఒక సాయంత్రం ఫోనొచ్చింది. ఒక గేదె ఈనలేక అవస్థపడుతోంది, దూడ అడ్డం తిరిగింది. డాక్టరుగారు వేరే మండలంలో ఉన్నారు, బయల్దేరుతున్నానన్నారు, ఈలోగా నువ్వెళ్ళి చూడమన్నారు. ఇది వెళ్ళింది. ఊరికి రెండు కిలోమీటర్ల ఇవతల స్కూటీ కూరుకుపోయింది. లాగింది, పొడిచింది, ఏడ్చింది. చివరికి బండి అక్కడే పడేసి, సంచీ భుజాన వేసుకుని, మోకాలి లోతు బురదలో నడిచింది. చేరేసరికి దూడ పోయింది. గేదె దక్కడమే గొప్ప. ఆ ఇంటావిడకి మొగుడు లేడు, ఆ ఒక్క గేదె పాల మీదే సంసారం. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది.

ఆ రాత్రి చెల్లెలు నాకు ఫోన్ చేసి, "అక్కా, ఆవిడ తిట్టినా బాగుండేదే" అంది. కాసేపాగి, "బురదలో పోయే బండ్లుంటాయిటగా?" అంది.

చూశారా, మనం ఎప్పుడూ అడిగే ప్రశ్న "ఆడపిల్లకి ఏ బండి బాగుంటుంది?" అని. అది అడిగింది వేరే ప్రశ్న. ఈ దారికి ఏ బండి కావాలి? దారికి ఆడా మగా లేదు. నల్లరేగడికి, ఎక్కినది ఆడపిల్ల కదా, పోనీలే పాపం అన్న జాలీ లేదు.

గేర్లు లేని బండ్లని నేను తూలనాడ్డం లేదు, అపార్థం చేసుకోకండి. 1972లో లూనా వచ్చింది, 1980లో టీవీయస్ 50 వచ్చింది, 1984లో బటన్ నొక్కితే స్టార్టయ్యే కైనెటిక్ హోండా వచ్చింది. ఎంతమంది టీచరమ్మలు, నర్సమ్మలు వాటి పుణ్యమా అని ఇంకొకళ్ళ వీలు కోసం ఎదురుచూడ్డం మానుకున్నారో! అప్పుడూ వీధి అరుగుల మీద ఇవే మాటలు. నా చిన్నప్పుడు మా టీచరమ్మ లూనా మీద వెళ్తుంటే "కలికాలం" అన్న నోళ్ళు నాకు జ్ఞాపకమే. ఆ కలికాలం కాస్తా అలవాటైపోయాక, అదే బండిని పట్టుకుని "ఆడవాళ్ళకి ఇదే తగినది" అంటున్నాం. నిన్న కూడదన్నదే ఇవాళ గీత అయింది. ఆ గీత దాటబోతే మళ్ళీ కలికాలం!

సరే, బండి సంగతికి వస్తాను. తమ్ముణ్ణి అడిగితే, మన దేశంలో ఇలాంటి దారుల కోసం హీరోవాళ్ళు 2011లో ఇంపల్స్ అని ఒకటి తెచ్చారనీ, కొన్నేళ్ళకే ఆపేశారనీ చెప్పాడు. కొత్తది దొరకదు. ఇప్పుడొచ్చే ఆ జాతి బండ్లు మా తాహతుకి మించినవి. వెతగ్గా వెతగ్గా ఒక రైతు పాకలో 2013 నాటిది దొరికింది. వాళ్ళబ్బాయి పై చదువుకి వెళ్ళిపోతే దాని సీటు మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. వైర్లు ఎలుకలు కొరికేశాయి. చైను తుప్పుపట్టి కర్రలా బిగుసుకుపోయింది. ఇరవై రెండు వేలకి బేరం కుదిరింది. మా అమ్మ దాన్ని చూసి, "ఇదేమిటే, మేకలాగా అంత ఎత్తుంది!" అంది.

ఎత్తులోనే ఉంది కిటుకంతా. ఆ బండి పొట్టకీ నేలకీ మధ్య ఎడం 245 మిల్లీమీటర్లు. స్కూటర్లకి నూటయాభైకి అటూ ఇటూ. చక్రాలు పెద్దవి. ముందు మడ్‌గార్డు చక్రాన్ని అంటుకుని ఉండదు, పైన ఎక్కడో గొడుగులా ఉంటుంది. కాబట్టి మట్టి ఇరుక్కోడానికి చోటే లేదు. చక్రంతోపాటు తిరిగి దానంతటదే విసిరి పారేస్తుంది. ఈ ఒక్క ముక్కా అర్థమయ్యాక నాకు ఇంకే సందేహమూ లేకపోయింది. ఇంజను మాత్రం వాళ్ళదే హంక్ అనే బండిది, కాబట్టి సామాన్లు దొరుకుతాయన్నాడు మెకానిక్కు.

బాగుచేయించడానికి నేనొక షరతు పెట్టాను. తాళంచెవి చేతిలో పెట్టడం నా పని కాదు. ప్రతి ఆదివారం షెడ్డుకెళ్ళి నీ చేత్తో నువ్వు పని నేర్చుకోవాలి, నేనూ వస్తాను అన్నాను. ఊరికి దూరంగా డొంకలో బండి ఆగిపోతే అక్కడ మెకానిక్కు ఉండడు కదా!

మెకానిక్కు మంచివాడే. వయసు మళ్ళినవాడు, చెయ్యి తిరిగినవాడు. కానీ మొదటి ఆదివారం తమాషా చూడాలి. చెల్లెలు ప్రశ్న వేస్తుంది, ఆయన తోడొచ్చిన మా తమ్ముడి వంక చూసి జవాబు చెప్తాడు. "కార్బురేటరు ఎందుకు విప్పుతున్నారండీ?" అని ఇదడిగితే, "పాత పెట్రోలు గడ్డకట్టింది సార్, జెట్లు మూసుకుపోయినయ్" అని వాడికి చెప్పాడు. మా తమ్ముడికి బండి నడపడం తప్ప ఇంకేమీ తెలీదు. రెండో ఆదివారం వాణ్ణి రావద్దన్నాను.

జెట్టంటే ఏమిటో అనుకున్నాను. ఇంతా చేస్తే సన్నని బెజ్జమున్న ఇత్తడి ముక్క. "ఓస్, ఇదేనా! కిరసనాయిలు స్టవ్వుకి పిన్ను పెట్టి పొడిచి పెరిగినదాన్ని, ఇలా తెండి" అన్నాను. ఆయన కంగారుపడి, "వద్దమ్మా, పిన్ను పెడితే బెజ్జం పెద్దదవుద్ది, పెట్రోలు తాగేస్తది. గాలి కొట్టాల" అన్నాడు. ఆ రోజు మొదటిసారి ఆయన నా మొహం చూసి మాట్లాడాడు. ఆ తర్వాత చెల్లెలికి స్పానరు ఇచ్చాడు.

అప్పుడు నాకు తట్టింది. మనకి యంత్రాలు తెలియవని ఎవరన్నారు? కుక్కరు గాస్కెట్టు ఎప్పుడు సాగిందో చెయ్యి పెట్టి చెప్తాం. బండి ముందు ఫోర్కుల్లో ఆయిలు కారకుండా ఆపే సీలు దానికి మేనత్త కూతురే. మిక్సీ శబ్దం మారితే వంటింట్లోంచే కనిపెడతాం. కుట్టుమిషనుకి నూనె వేస్తాం, బెల్టు బిగిస్తాం, దారం బిగువు ఎక్కువైతే గుడ్డ ముడుచుకుంటుందనీ, తక్కువైతే కుట్టు వదులవుతుందనీ తెలుసు. బండి చైనూ అంతే. మరీ బిగిస్తే తెగుతుంది, వదిలితే పళ్ళ మీంచి జారుతుంది, మధ్యలో అంగుళం పైచిలుకు ఆడాలి. కుట్టుమిషను తొక్కిన చేతికి చైను బిగించడం రాదా? యంత్రం వంటింట్లో ఉంటే మన పని, వీధిలో ఉంటే మగపని. గడప దాటగానే మన తెలివి ఎక్కడికి పోతుంది?

లెక్క చెప్పకపోతే మీరొప్పుకోరు, నేనూ ఒప్పుకోను. టైర్లు, ట్యూబులు 5,800. చైను సెట్టు 1,700. బ్యాటరీ 1,300. క్లచ్చి ప్లేట్లు 1,400. ఫోర్కు సీళ్ళు, ఆయిలు 1,100. వైరింగు 1,500. బ్రేకులు 900. కార్బురేటరు సామాను, ప్లగ్గు, కేబుళ్ళు, ఇంజనాయిలు 1,800. కూలి 4,500. వెరసి ఇరవై వేలు. బండి ఖరీదు కలిపితే నలభై రెండు వేలు. ఇరవై ఏళ్ళ కిందట తమ్ముడి ముచ్చటకి పెట్టినదానికంటే తక్కువ. చెల్లెలు పొడగరి కాదు, కాలు అందదని సీటులో దూది చెక్కించాం. పాత బండికి కొత్త మెరుగులు దిద్దించలేదు. టాంకు మీద గీతలు గీతల్లానే ఉన్నాయి.

ఇక పెద్ద అభ్యంతరాల దగ్గరికి వద్దాం. "పడితేనో?" అన్నారు. పడింది, రెండుసార్లు. దాచిపెట్టడం ఎందుకు? ఒకసారి మోచెయ్యి గీరుకుంది, ఒకసారి మోకాలు వాచింది. హెల్మెట్టు లేకుండా గుమ్మం దాటకూడదన్నది నా రెండో షరతు. అంత బరువు ఎలా ఎత్తుతుందన్నారు. బండికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, నడుముతో కాకుండా కాళ్ళతో లేవాలని మెకానిక్కే నేర్పాడు. నిండు నీళ్ళ గుండిగని పొయ్యి మీంచి దించేటప్పుడు మనల్ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదే! గేర్ల బండికి లైసెన్సు వేరు. స్కూటీ లైసెన్సు చెల్లదు. ఎల్లెల్లార్ తీసుకుని, నెలరోజులాగి, పరీక్షకెళ్ళి పాసయ్యాకే రోడ్డెక్కింది.

ప్రమాదం గురించి మనకి అంత బెంగే ఉంటే, ఒక్క మాట. మా వీధిలోనే పదో తరగతి కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద ముగ్గురేసి తిరుగుతున్నారు. తాళంచెవి ఎవరిచ్చారు? నాతో వాదన వేసుకున్న తల్లుల్లో ఇద్దరు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే పెంచినవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, ఇరవై అయిదు వేల జరిమానా. ఆ కుర్రాడికి ఇరవై అయిదేళ్ళొచ్చేదాకా లైసెన్సు పుట్టదు. పదిహేనేళ్ళవాడికి లైసెన్సు లేకుండా ఇవ్వొచ్చు, ఇరవై ఏడేళ్ళదానికి లైసెన్సుండీ ఇవ్వకూడదు! ఇది బెంగ కాదండీ, అలవాటు. బెంగ అయితే ఇద్దరి మీదా ఉండేది.

"పెళ్ళివాళ్ళేమంటారు?" అంది అమ్మ. ఒకళ్ళు అన్నారు కూడా. అమ్మాయి ఉద్యోగం చెయ్యడం ఇష్టమేట, ఆ బండి మాత్రం మానాలిట. ఉద్యోగం తాలూకు జీతం కావాలి, ఉద్యోగానికి వెళ్ళే దారి వద్దు. ఆ సంబంధం తప్పిపోయిందని అమ్మ రెండ్రోజులు అన్నం తినలేదు. నాకు బాధ లేదనను. కానీ ముందే తెలిసిపోయినందుకు ఒక మూల కాస్త ఊరటగానే ఉంది.

ఇంత రాద్ధాంతం చేస్తున్నామా, 2019లోనే బెంగుళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే ఇసకలో, రాళ్ళలో మోటారు సైకిలు నడిపే బాజాస్ ప్రపంచ కప్పులో మహిళల విభాగం గెలిచి వచ్చింది. మా చెల్లెలికి కప్పులక్కర్లేదు. ఐసు కరక్కముందు ఊరు చేరితే చాలు.

ఇంకో చిత్రం చెప్తాను. మన దేశంలో మోటారు సైకిలు వెనక చక్రానికి ఒక పక్క చీరగార్డు ఉంటుంది చూడండి, అది ఎవరి దయా కాదు. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రం దాకా కప్పాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. మంచిదే, ఎందరి ప్రాణాలో కాపాడి ఉంటుంది. కానీ అంత పెద్ద యంత్రం మొత్తంలో ఆడదాన్ని తలుచుకుని పెట్టిన భాగం అదొక్కటే, అదీ వెనక కూర్చునే ఆడదాన్ని. మెకానిక్కు, "తీసేద్దామా పాపా, బురదలో అడ్డం" అన్నాడు. "ఉండనీండి, అమ్మ కూర్చోవాలి" అంది చెల్లెలు.

అమ్మ ఇంకా కూర్చోలేదు. కూర్చుంటుందో లేదో చెప్పలేను. కానీ మొన్న వాన రోజున నేనక్కడే ఉన్నాను. చీకటిపడే వేళకి చెల్లెలు ఇంటికొచ్చింది. ఒళ్ళంతా మట్టి, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఐసు పెట్టె ఖాళీ, అంటే టీకాలన్నీ అయిపోయాయన్నమాట. అమ్మ బకెట్టుతో నీళ్ళు తెచ్చింది. ఇక అడుసు సామెత వినక తప్పదని నేను కాచుకుని కూర్చున్నాను.

అమ్మ బకెట్టు కింద పెట్టి, "కాళ్ళు తర్వాత కడుక్కుందువుగానీ, ముందు బండి మీద పొయ్యి. నల్లరేగడి ఎండితే ఊడి చావదు. మీ నాన్నగారూ ముందు బండే కడిగేవారు" అంది.